బతికున్న మామకు వేసిన దండ

ఆ రోజుల్లో మా సిద్దిపేటలో డాక్యుమెంటరీ చూడాలంటే ముందు ఒక బల్ల, బల్ల మీద ఫొటో, ఫొటోకు దండ, పక్కన దీపం ఉండాల్సిందే. అవన్నీ అయ్యాక ఉపన్యాసాలు, అవీ అయ్యాక ఓపిక మిగిలినవాళ్ళకు సినిమా. (ప్రొజెక్టరు మొండికేస్తే ఇంకో ఉపన్యాసం.) మేము కళాభవనం అని గొప్పగా చెప్పుకునే ఆ రేకుల హాల్లో కుర్చీలు వేయడం, తెర కట్టడం, దీపంలో నూనె పోయడం నా పని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా సంఘం సెక్రటరీ రిటైరైన డ్రాయింగ్ సారు. ‘బతికున్న మనిషికి దండేసిన సారు’ అని ఆయన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. ఆ దండ ఆయన వేయలేదు, నేను వేశాను. ఈ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ సాయంత్రం వేసే సినిమా కల్లు కోసం తాటిచెట్లు గీసే మనిషి మీద తీసింది. హైదరాబాదు వాళ్ళు వచ్చి మిరుదొడ్డి దగ్గర తాళ్ళవనంలో తీశారు. అందులో కనిపించే ఆయన్ను నేను వరస కలిపి మామ అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడా అనేవాడు. మామ సంతోషిస్తాడని ఆయన ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి బల్ల మీద పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత నా చేతులు ఎప్పుడూ చేసే పనే చేసుకుంటూ పోయాయి. ఫొటోకు బంతిపూల దండ వేశాయి, నుదుటి మీద కుంకుమ పెట్టాయి, రెండు అగరొత్తులు కూడా వెలిగించాయి. ఆ బల్ల మీదికి అప్పటిదాకా ఎక్కినవాళ్ళంతా పోయినవాళ్ళేనని నాకు తట్టనే లేదు.

మామా అత్తా బస్సు దిగి వచ్చారు. ముందు అత్త చూసింది. గడప మీదే కూలబడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

“ఏడుస్తవేందే? నేను గీడ్నే ఉన్న గదా!” అన్నాడు మామ.

“గాడ గూడ ఉన్నవు గదయ్యా!” అంది అత్త ఫొటో చూపిస్తూ.

జనం మూగారు. అత్త లేచి కొంగు బిగించింది. “ఎవడేసిండురా దండ? నా పుస్తెలు మీకేం అడ్డమచ్చినయిరా? ఏసినోడే తియ్యాలె, ఆని చేత్తోనే తియ్యాలె! లేకుంటె నా పెనిమిటి రేపటి సంది చెట్టెక్కడు. మోకు పొయ్యిల పెడ్త!”

మోకు అంటే నడుముకు కట్టుకుని చెట్టెక్కే తాడు. అది పొయ్యిలో పడితే మామ బతుకు కూడా అందులో పడ్డట్టే. నేను ముందుకు రావాలి. కానీ నూనె సీసా పట్టుకుని దీపం వత్తి సవరిస్తున్నట్టు నటించాను. సారు ఒకసారి నా మొహం చూశాడు. “నేనే ఏసిన చెల్లె, అలవాటుల ఏసిన. తప్పయింది,” అని వెళ్ళి దండ తీసేశాడు. అత్త చల్లబడింది. సినిమా నడిచింది. తెర మీద తనను చూసుకుని మామ “నేను గింత మంచిగున్ననా!” అని మురిసిపోయాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం చీకట్లో చెమటలు కక్కుతున్నాను. వేసినవాడు తీయలేదు. ఆ సంగతి తెలిసింది సారుకూ నాకూ. సారుకు ఇలాంటి నమ్మకాలు లేవు. నాకూ లేవనే అప్పటిదాకా అనుకున్నాను.

పొద్దున మొదటి బస్సుకు మిరుదొడ్డి పోయాను. నేను వనం చేరేసరికే మామ సగం చెట్టు మీద ఉన్నాడు. చెట్టు మీది మనిషిని కింద నుంచి పిలవకూడదు, ఉలిక్కిపడతాడు. అందుకే రెండు చేతులతో నోరు మూసుకుని పైకి చూస్తూ నిలబడ్డాను. ఆయన పాదం కొంచెం జరిగితే నా ప్రాణం అంత కిందికి జారేది. ఇంతలో పైనుంచి ఏదో దభీమని పడింది. కళ్ళు మూసుకుని “అయ్యో మామా!” అని కేక పెట్టాను.

“మామ పైన్నే ఉన్నడు! పడ్డది మట్ట! నోర్మూసుకో!” అని పైనుంచి జవాబొచ్చింది.

దిగి వచ్చాక, “ఏందల్లుడా, పొద్దుగాల్నే కల్లు యాదికొచ్చిందా?” అన్నాడు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. వింటున్నకొద్దీ ఆయన మొహంలో నవ్వు పోయింది.

“ఓరి నీ... గిది ఎక్కకముందు చెప్పొద్దారా? ఇంక గా చెట్లన్ని ఎట్లెక్కాలె నేను?”

ఇద్దరం భయంగా ఆ చెట్ల వంక చూశాం. చివరికి మామ తన తువ్వాలను మడిచి, దండలా మెడలో వేసుకుని నా ముందు తల వంచాడు. “తియ్యి. నీ చేత్తోనే తియ్యి.” తీశాను. “ఆఁ, అయిపోయింది. మీ అత్తకు మాత్రం చెప్పకు. చెప్తె నన్ను ఎన్నడు చెట్టెక్కనియ్యది,” అని మోకు బిగించుకుని రెండో చెట్టు దగ్గరికి నడిచాడు. తువ్వాల లెక్కకు వస్తుందో రాదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదని నా అనుమానం. చివరి చెట్టు దిగేదాకా అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, మిరుదొడ్డి నుంచి ఫోను వస్తే ఎత్తే ముందు నా గుండె ఆగేది. సారు మీద జోకులు వినబడ్డప్పుడల్లా తల దించుకునేవాణ్ణి. మొన్న ఎండాకాలం మోకాళ్ళ నొప్పులతో మామ చెట్టెక్కడం మానేశాడు. ఇప్పుడిక అత్తకు తెలిసినా నష్టం లేదు. అందుకే ఇదంతా రాసి ముందు సారుకు చదివి వినిపించాను. మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఎందుకురా ఇప్పుడు? నలబై ఏండ్లు బొమ్మలు నేర్పిన, ఒక్కడన్న యాదికుంచుకున్నడా? గా దండ మీదనే ఊరంత నన్ను గుర్తుపడ్తది. గదిగూడ గుంజుకుంటవా?”

కాగితాలు మడుచుకుని బయటికొచ్చాను. దారి పొడుగునా మనసులో ఆ ఇరవై రెండేళ్ళ పిరికివాణ్ణి తిడదామని చూశాను, నవ్వొచ్చింది. నాకు ఈ వయసులో కూడా సారుకు ఎదురు చెప్పాలంటే భయమే. అయినా పత్రికకు పంపిస్తున్నాను. అచ్చయ్యాక కొన్నాళ్ళు ఆయన వీధిలోంచి పోకుండా చుట్టు తిరిగి పోతాను.