పడేవరకే తీసిన వీడియో

నాకు నోటి దూల ఎక్కువ. కాకినాడలో పుట్టి పెరిగినవాణ్ణి. ఎదుటివాడు జారిపడితే ముందు నవ్వేసి, తర్వాత చెయ్యి అందించే రకం. ఇప్పుడుంటున్న అమెరికాలోని ఫ్రీమాంట్‌లో మా స్నేహితుల ఇళ్ళలో ఏ పార్టీ అయినా నేను వచ్చేదాకా కళ కట్టదంటారు. ఆ మాట విని ఇరవై ఏళ్ళు మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయిన ఏడాది చలికాలంలో, ఒక ఆదివారం అన్నాలు తింటుండగా మా ఆవిడ, "ఏమండీ, నేను స్కీయింగ్ నేర్చుకుంటాను" అంది. నాకు మజ్జిగ పొలమారింది.

"కొండ మీంచి దూకుతావా, ఈ వయసులో?"

"దూకేది కాదండీ. క్రాస్ కంట్రీ అంటారు. చదునుగా ఉన్న మంచు మీద నడుస్తున్నట్టే జారుకుంటూ పోవడం. మా ఆఫీస్‌లో ఒకావిడ చేస్తుంది. అరవై దాటాయి ఆవిడకి."

"బాత్రూమ్‌లో తడి ఉంటే గోడ పట్టుకుని నడుస్తావు. నువ్వు స్కీయింగా! చెప్పొచ్చావులే."

నవ్వి ఊరుకుంది గానీ మానలేదు. మర్నాటి నుంచి ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం మొదలుపెట్టింది. బ్యాలెన్స్ కోసమట. మందపాటి ఉన్ని సాక్సులు కొనుక్కుంది, బూడిదరంగువి, పైన ఎర్ర అంచు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో పిల్లదాని కోసమో నా కోసమో కాకుండా తనకోసం తను అడిగిన మొదటి కోరిక అది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టనేలేదు. పళ్ళు తోముకుంటుంటే వెనకనుంచి వెళ్ళి "బూ!" అని అరిచేవాణ్ణి.

ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి నాలుగు కుటుంబాలం కలిసి మంచుకొండల్లో టాహో సరస్సు దగ్గర క్యాబిన్ బుక్ చేశాం. మిగతావాళ్ళు పిల్లల్ని తీసుకుని గాలి ట్యూబుల మీద కూర్చుని మంచులో జారడానికి వెళ్తామన్నారు. మా ఆవిడ మాత్రం శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, మా ఇద్దరికీ రెండు క్లాసులు ముందే బుక్ చేసేసింది.

శనివారం క్లాసులో పదిమందిమి ఉన్నాం. నేర్పించేది నెరిసిన జుట్టుతో పొడుగ్గా ఉన్న ఒకావిడ. స్కీలు సన్నగా, మనిషికన్నా పొడుగ్గా ఉన్నాయి. బూటు ముందుభాగం మాత్రమే వాటికి అతుక్కుంటుంది, మడమ లేస్తుంది. ఈరోజు మొదటి పాఠం పడటం, రెండో పాఠం లేవడం, అందరూ పక్కకి ఒరిగి కావాలని పడండి అంది ఆవిడ. నేను మోకాలు నొప్పి అని చెప్పి పక్కకి తప్పుకున్నాను. నా మోకాలు గుండ్రాయిలా ఉంది. పదిమంది ముందు పడటానికి భయం. అందరినీ చూసి నవ్వినవాడికే ఆ భయం ఎక్కువ ఉంటుందేమో.

మా ఆవిడ కావాలని పడేలోపే నిజంగానే పడింది. ఒక స్కీ మీదికి ఇంకో స్కీ ఎక్కింది, చేతులు గాల్లో గిరగిరా తిరిగాయి, దబ్బుమని కూలబడింది. టోపీ కళ్ళ మీదికి వచ్చేసింది. నా ఫోన్ అప్పటికే రెడీగా ఉంది. పంతొమ్మిది సెకన్లు. అందులో సగం నా నవ్వే వినిపిస్తుంది. అక్కడికక్కడే మా వాట్సాప్ గ్రూపులో పడేశాను. కింద "మన ఒలింపిక్స్ ఆశాకిరణం" అని కూడా రాశాను. టకటకా నవ్వుల బొమ్మలు రావడం మొదలైంది. ఒక్కొక్కటే చదువుకుంటూ నిలబడ్డాను.

"ఏమండీ! చూశారా?" దూరం నుంచి తన గొంతు వినిపించింది.

"ఆఁ, చూశా చూశా! సూపర్!" అన్నాను, తల ఎత్తకుండా.

సాయంత్రం క్యాబిన్‌లో ఎవరో ఆ వీడియో టీవీలో పెట్టారు. ముందుకీ వెనక్కీ తిప్పి వేశారు. "వదినా, నీ ల్యాండింగ్ కేక!" అని ఒకడు, "అక్కా, ఇంకొక్కసారి పడవా, ప్లీజ్" అని ఒకావిడ. నేను క్రికెట్ కామెంటరీ చెప్పాను. మా ఆవిడ కూడా అందరితో నవ్వింది. తర్వాత సాంబారు వేడిచేస్తానని లేచి వెళ్ళి, చాలాసేపు రాలేదు. నేను వెళ్ళి చూడలేదు.

పొద్దున్నే లేపితే, "నడుం పట్టేసింది. నాకెందుకులెండి, ఈ వయసులో" అంది. అది నా మాటే. నాకే తిరిగొచ్చింది. అయినా నాకు ఎక్కలేదు. "సరే, నీ ఇష్టం" అని దుప్పటి కప్పుకుని మళ్ళీ పడుకున్నాను. ఛీ, సరే ఎలా అన్నాను!

ఇంటికొచ్చాక స్కీయింగ్ ఊసే లేదు. కొన్నాళ్ళకి ఒక పొద్దున గమనించాను, తను రెండు కాళ్ళ మీదా నిలబడే పళ్ళు తోముకుంటోంది. అప్పుడు ఎక్కింది నాకు. గ్రూపులోంచి వీడియో తీసేద్దామని చూస్తే అప్పటికే అందరి ఫోన్లలో ఉంది. ఏ పార్టీకి వెళ్ళినా ఎవరో ఒకరు, "ఒలింపిక్స్ ఎందాకా వచ్చాయి వదినా?" అనేవారు. తను నవ్వేది. నాకు తల తీసేసినట్టయ్యేది.

మరుసటి చలికాలం ఇద్దరికీ నేనే క్లాస్ బుక్ చేశాను. "మీరు వెళ్ళిరండి" అంది. సారీ చెప్పాను. బతిమాలాను. "అయ్యో, ఎప్పటి మాటో. నేనేమీ అనుకోలేదండీ" అంది. బయల్దేరేముందు ఆ ఉన్ని సాక్సులు తెచ్చి చేతిలో పెట్టింది. "వేసుకోండి, మీ కాళ్ళకి చలి పడదు. ఊరికే పడున్నాయి."

నాకు బిగుతుగా ఉన్నాయి. అవే వేసుకుని వెళ్ళాను.

ఈసారి నేర్పించినది ఒక కుర్రాడు. మొదటి పాఠం మాత్రం అదే. పడ్డాను. మెడలోంచి వీపు మీదికి మంచు జారింది. తిరగబడ్డ బొద్దింకలా కొట్టుకున్నాను. వెల్లకిలా తిరిగి, కాళ్ళు పైకెత్తి, రెండు స్కీలూ ఒకే పక్కకి తెచ్చుకుని, మోకాళ్ళ మీదికి వచ్చి, అప్పుడు లేవాలట. ఆరుసార్లు కూలబడ్డాను. ఏడోసారి లేచాను. ఒక్కడూ నవ్వలేదు. పక్కనున్నాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఆ తర్వాత మంచులో ముందే వేసి ఉన్న గాడుల్లో కాళ్ళు పెట్టి, అడుగు తీసి అడుగు జారుస్తూ, చివర పాతిన నారింజరంగు జెండా దాకా వెళ్ళాను. ఎంత సంతోషమేసిందో! చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి, ఎవరికైనా చూపించాలని వెతికాను. ఉన్నవాళ్ళంతా ముక్కూమొహం తెలియనివాళ్ళు.

అప్పుడు వినిపించింది, "ఏమండీ! చూశారా?" అని ఏడాది కిందట తను వేసిన కేక.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. తను వంటింట్లో కొత్తిమీర తుంచుతోంది.

"పడ్డారా?"

"పడ్డాను."

"ఎన్నోసారికి లేచారు?"

"ఏడోసారికి."

"నేను మూడోసారికే లేచాను" అంది. ఏడాది తర్వాత ఆ ముఖంలో మెరుపు చూశాను. "లేచి, ఆగకుండా జెండా దాకా వెళ్ళి వచ్చాను. మీరు చూశారుగా. నిజం చెప్పండి, ఎలా వెళ్ళాను? నాకైతే గాల్లో పోతున్నట్టే అనిపించింది. చూసేవాళ్ళకి ఎలా కనిపించింది?"

ఏ విషయమైనా గంటసేపు కథలా చెప్పగలను నేను. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గానీ ఆడలేకపోయాను.

"నేను చూడలేదు" అన్నాను. "ఫోన్ చూసుకుంటున్నాను."

తను తుంచిన కొత్తిమీర కూరలో వేసి మూత పెట్టింది. "కాళ్ళు కడుక్కుని రండి, తిందురుగాని" అంది. అంతే.

మర్నాడు నా బ్యాగులోంచి తడి సాక్సులు తీసి తనే ఉతికింది. ఆరాక మడతపెట్టి నా సొరుగులో పెట్టింది.