కల్పలత వదిన బొంతలు

మా ఆడబిడ్డ కల్పలత గురించి మంచిగా మాట్లాడేవాళ్లు మా చుట్టాల్లో ఒక్కరూ లేరు. ఆమె కుట్టిన బొంత లేని ఇల్లూ లేదు. ఈ రెండూ ఎట్లా కుదిరాయో ఇన్నేళ్లుగా దగ్గరుండి చూస్తున్న నాకే అంతుబట్టదు. నేను ఆమె తమ్ముడి భార్యను కాబట్టి నా మాటల్లో కొంత కారం ఎక్కువే ఉంటుంది. అది తీసేసి వినగలిగితే వినండి, నేను మాత్రం తగ్గించి చెప్పను.

వదిన ఇల్లు మెట్టుగూడలో. రైలు పోయినప్పుడల్లా మాట ఆపాల్సిన ఇల్లు అది. ఆమె మాత్రం ఆపదు, గొంతు పెంచుతుంది. వదిన భర్త సదాశివ అన్నయ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పెళ్లయిన కొత్తలోనే మాట్లాడటం మానుకున్నారని మా వాళ్లు నవ్వుకుంటారు. హాలు నిండా పరిచిన చీరల చుట్టూ గోడ పక్కనుంచి నడవడం ఆయనకు అలవాటైపోయింది.

చుట్టాల్లో ఎవరింట్లో పురుడొచ్చినా, పెళ్లయినా, కొత్త ఇంట్లో దిగినా వదిన ఫోన్ చేసి పాత నూలు చీరలు పంపమంటుంది. బాగా కట్టి కట్టి మెత్తబడ్డవి కావాలి. పెళ్లైన కొత్తలో నాకు ఈ సంగతి తెలియక, పాతవి ఇస్తే ఏమనుకుంటుందోనని ఒక మంచి చీరకు గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి తీసుకెళ్లాను. రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఏందే, బొంతల పండుకుంటరా, అప్పడాలు ఒత్తుకుంటరా?" అని అందరి ముందూ నా ఒళ్లో పడేసింది. ఆ రోజు నవ్వినవాళ్ల మొహాలు నాకు ఇంకా గుర్తే.

బొంత అంటే ముక్కలు ముక్కలు కత్తిరించి అతికేది అనుకుంటారు చాలామంది. వదిన కత్తెర ముట్టుకోదు. చీరను చీరగానే మడతలు వేసి, పొర మీద పొర పరిచి, కదలకుండా మూలల మీద రోకలి, పొత్రం, ఏది దొరికితే అది పెడుతుంది. గట్టి చీర పైకి, ఒంటికి తగిలే వైపు మెత్తటిది, అన్నిటికన్నా నలిగిపోయింది నడుమ. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి చుట్టూ చుట్టూ తిరుగుతూ దారం వేస్తుంది. పరిచాక, బొంత ఎవరికో వాళ్లు వచ్చి దాని మీద ఒకసారి పడుకోవాలి. పొడుగు చూసుకోవడానికట. పెద్ద ఆఫీసరైనా సరే మెట్టుగూడ వచ్చి ఆ హాల్లో కాళ్లు చాపి పడుకోవాల్సిందే.

ఇవ్వడం కూడా ఊరికే ఇవ్వదు. మా చుట్టాలబ్బాయి వేణుమాధవ్ పెళ్లికి ఒక్క మనిషికే సరిపోయే బొంత కుట్టి తెచ్చింది. "నీ నోటికి నువ్వు ఎట్లయినా హాల్లనే పండుకుంటవ్, పనికొస్తది" అని పెళ్లికూతురి ముందే చేతిలో పెట్టింది. ఇంకో చుట్టం హరికిషన్ కొత్త ఫ్లాట్‌కు అతని నాన్న లుంగీలతో కుట్టి, అవి పైకే కనపడేట్టు వేసింది. పెద్దాయనను ఇంట్లో పెట్టుకోకుండా అద్దె గదిలో ఉంచినందుకు అది దెబ్బ. వాళ్లు తిట్టుకున్నారు, వారం పది రోజులు ఫోన్లు బంద్ చేశారు. కానీ బొంత మాత్రం ఎవరూ పారేయలేదు. దానిలో పడుకున్నవాళ్లకు వేరే దుప్పటి పట్టదు, ఒప్పుకోవాలి.

మా అమ్మాయి హరిణికి ఆమె కుట్టింది మాత్రం ఏ ఎత్తిపొడుపూ లేని బొంత. అప్పటికి మా అత్తమ్మ లచ్చమ్మ బతికే ఉంది. తన ఆకుపచ్చ నారాయణపేట చీర తానే తీసి వదిన చేతిలో పెట్టింది. అత్తమ్మ ఒంటి మీద ఎక్కువగా చూసిన చీర అదే. వంట చేసినా, మందు వేసుకుని పడుకున్నా అదే. హరిణి ఆ బొంతను మల్కాజ్‌గిరిలో మా ఇంటి నాలుగు గదుల్లోనూ ఈడ్చుకు తిరిగేది. హోంవర్క్ కూడా దాని మీదే.

అత్తమ్మ పోయాక జరిగింది చెప్పాలి. దినాలు కాగానే మా ఆయన యుగంధర్ ఆమె బట్టలన్నీ మూటగట్టి ఉతికే ఆమెకు ఇచ్చేశాడు. ఎదురుగా ఉంటే చూడలేకపోతున్నానన్నాడు. అక్కను ఒక్క మాట అడగలేదు. వదిన వచ్చి ఖాళీ బీరువా తలుపు తెరిచి, మూసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

సంవత్సరీకం దగ్గరపడ్డాక మా ఆయనకు అమ్మ చీర కావలసి వచ్చింది. ఫొటో ముందు కొత్త చీర పెడితే అమ్మకు పెట్టినట్టు ఉండదని, ఆమె కట్టింది ఒక్కటన్నా పెట్టాలని పట్టుబట్టాడు. ఇంట్లో పోగు కూడా మిగల్లేదు. అప్పుడు ఆకుపచ్చ చీర గుర్తొచ్చింది. అక్క చేతికి పోయిన చీర, బొంత మీద పైకి ఎక్కడా కనపడదు కాబట్టి అక్క దాచుకునే ఉంటుందని తేల్చేశాడు. నన్ను వెంటబెట్టుకుని మెట్టుగూడ పోయాడు.

వదిన హాల్లో కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఈయన నిలబడే చీర అడిగాడు.

"అమ్మ చీరలన్ని మూటగట్టి ఇచ్చినప్పుడు నన్ను అడిగినవా?" అంది తలెత్తకుండా.

"గదంత వేరే ముచ్చట. ఆకుపచ్చ చీర నీకే ఇచ్చింది అమ్మ. ఏడ పెట్టినవ్?"

"నీ బిడ్డ బొంతల ఉంది. నడుమ పొర."

ఈయన నమ్మలేదు. అబద్ధమన్నాడు, దొంగవన్నాడు, అమ్మను కూడా నీ బీరువాలోనే పెట్టి తాళమేసుకోవాలని చూశావన్నాడు. నేనే వినలేకపోయాను. సదాశివ అన్నయ్య లేచి లోపలికి వెళ్లిపోయారు. వదిన మొహం గట్టిపడింది.

"నమ్మకుంటే విప్పుకో పో. నీ ఇంట్ల ఉన్నది, నీ బొంత. నన్నేంది అడుగుడు?"

దారిలో ఈయనకు చెప్పాను, బొంత జోలికి పోవద్దని, అది పిల్లదని. మళ్లీ కుట్టిస్తానన్నాడు. కుట్టేది ఎవరని అడిగితే ఊళ్లో దర్జీలే లేరా అన్నాడు. కోపంలో ఉన్న మగవాడికి దర్జీకీ బొంతకూ సంబంధం లేదని చెప్పి ఏం లాభం? హరిణి బడికి పోయిన రోజు చూసి, నేను వంటింట్లో ఉండగా కుట్లన్నీ బ్లేడుతో కోసేశాడు.

"సృజనా" అని పిలిచిన పిలుపుకే నాకు భయమేసింది. వెళ్లి చూస్తే పై చీర పక్కకు తీసి ఉంది. నడుమ ఆకుపచ్చ చీర ఉంది. వదిన చెప్పింది నిజమే. ఈయన రెండు చేతులతో అంచు పట్టి ఎత్తాడు. అంచు చేతిలోకి వచ్చింది, చీర రాలేదు. ఇంకోచోట పట్టుకుంటే అక్కడా పీలికలే. అత్తమ్మ ఇచ్చిన నాటికే అది నీళ్లలో నానిన కాగితంలా నలిగిపోయిన చీర. ఇన్నాళ్లూ దాన్ని చీరగా నిలబెట్టింది ఆ కుట్లే. ఈయన ఒక్కొక్క పీలికా ఏరి స్టీలు పళ్లెంలో పెట్టాడు. బడి నుంచి వచ్చిన హరిణి ఏడ్చింది, తండ్రితో మాట్లాడటం మానేసింది. నేనూ మానేశాను.

సంవత్సరీకం రోజున ఆ పళ్లెమే అత్తమ్మ ఫొటో ముందు పెట్టాడు. చుట్టాలంతా వచ్చారు. వదిన ఆలస్యంగా వచ్చి, ఎవరినీ పలకరించకుండా నేరుగా ఫొటో దగ్గరికి పోయి దండం పెట్టింది. పళ్లెం చూసింది. వంగి ఒక పీలిక తీసి, వేళ్ల మధ్య పెట్టి చూసింది.

"విప్పుకోమన్న గని, విప్పుతవని అనుకోలేదురా" అంది.

"చినిగి ఉందని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"దొంగన్నవ్ కదా. దొంగ మాట ఇంటవా?"

పళ్లెం ఎత్తుకుంది. ఈయన అడ్డం పడ్డాడు. అమ్మను నువ్వు విప్పి పారేశావు, ఇక నాకియ్యమని ఆమె. నువ్వు కావాలనే విప్పించావు, ఇయ్యనని ఈయన. తల నెరిసిన అక్కా తమ్ముళ్లు తల్లి ఫొటో ముందు స్టీలు పళ్లెం కోసం గుంజుకుంటుంటే చుట్టాలంతా విస్తళ్ల ముందు కూర్చుని చూశారు. నాకు ఒళ్లు మండింది. ఇద్దరి చేతుల్లోంచి లాక్కుని హరిణి చేతిలో పెట్టాను. ఇద్దరిదీ కాదు, అది పిల్లకిచ్చిన సొత్తు, దాన్నే ఉంచుకోనివ్వండి అన్నాను.

హరిణి పళ్లెంలోకి చూసింది. తర్వాత దాన్ని మేనత్త ముందుకు చాపింది.

"నాకు ఇవి వద్దు అత్తా. నా బొంత మళ్ల కుట్టియ్యి."

వదిన పీలికలను చేత్తో అటూ ఇటూ జరిపింది, సూది దిగే చోటు ఎక్కడన్నా ఉందేమోనని వెతికినట్టు. మా ఆయన కూడా ఆమె చేతులనే చూస్తున్నాడు.

"ఇగ ఇది కుట్టుకు ఆగదు బిడ్డా" అంది.