పులుపెక్కని గోంగూర

ఆ రోజుల్లో అమెరికా వచ్చిన తెలుగువాళ్ళం వేటి కోసం ఏడ్చేవాళ్ళమో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అమ్మానాన్నల కోసం ఏడవలేదా అంటే ఏడ్చాం. కానీ దానికో వేళాపాళా ఉండేది: ఉత్తరం వచ్చిన రోజు, పండగ రోజు. గోంగూర కోసం మాత్రం వేడన్నం కంచంలో పడినప్పుడల్లా ప్రాణం కొట్టుకునేది. ఇప్పుడు ఏ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినా కట్టలకు కట్టలు తాజాగా దొరుకుతోంది, అది లేకపోతే ఫ్రీజర్‌లో పొట్లాలుంటాయి. ఎనభైల మొదట్లో మేమున్న క్యారీ అనే చిన్న ఊళ్ళో ఆ ఆకు పేరు తెలిసినవాళ్ళమే పదకొండు కుటుంబాలం. ఆ మోజులో పడి ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనొక నేరం చేశాను. అది నేరమని నాకు తెలిసేసరికి ఏడడుగుల ఎత్తు పెరిగి ఉంది.

మావారు కెమిస్టు. రీసెర్చ్ పార్క్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. గ్రీన్‌కార్డ్ కాగితాలు పెట్టి, ఇంటర్వ్యూకి పిలుపెప్పుడొస్తుందా అని రోజూ మెయిల్‌బాక్స్ తెరిచి చూసుకునేవాళ్ళం. నేను తెనాలి దగ్గర రైతు బిడ్డని. మా నాన్న పొలంలోకి ఎరువుల కంపెనీ బస్తా రానిచ్చేవాడు కాదు. మట్టికి మనం తినే తిండే పెట్టాలమ్మా అనేవాడు. అద్దెకి తీసుకున్న ఇంటి వెనక పెరట్లో క్యారీ ఎర్రమన్ను మొదటిసారి చేత్తో తీసి చూసినప్పుడు నాకు జాలేసింది. వాన పడితే కాలికి అంటుకుని వదలదు, ఎండితే పెంకులా బిగుస్తుంది. దాన్ని దారికి తేవడం నా పనిగా పెట్టుకున్నాను. ఊరి చివర గుర్రాలు పెంచేవాళ్ళని అడిగి లద్దె తెప్పించాను. రాలిన ఆకులు, మావారి ఆఫీసులో మిగిలిన కాఫీ పిప్పి, కోడిగుడ్ల పెంకులు, బియ్యం కడిగిన నీళ్ళు, పులిసిన మజ్జిగ, ఏదీ పారేసేదాన్ని కాదు. వీటన్నిటికీ పెద్దదిక్కు చేపల కషాయం. చేపల తలలూ తోకలూ ఒక బకెట్‌లో వేసి, బెల్లం దొరక్క బ్రౌన్ షుగర్ కలిపి, మూత పెట్టి మూడు వారాలు మాగేస్తే తయారవుతుంది. (మూత తీసే రోజు మావారు ఏదో పనుందని లైబ్రరీకి వెళ్ళిపోయేవారు.)

మా పక్కింటాయన షెరిఫ్ ఆఫీసులో డెప్యూటీ, అంటే ఇక్కడి పోలీసే. మనిషి తలుపంత ఉన్నా మాట మెత్తన. ఇంట్లో మేమాయన్ని ‘డెప్యూటీగారు’ అనేవాళ్ళం. ఒకసారి కంచె మీదుగా తల పెట్టి, “మేడమ్, మీ పెరట్లో ఏదైనా జంతువు చచ్చిందేమో చూసుకున్నారా?” అని మర్యాదగా అడిగారు. అది మొక్కల టానిక్ అని చెప్పి, మరునాడు నాలుగు టమాటాలు ఇచ్చాను. అవి తిన్నాక ఆయన మళ్ళీ అడగలేదు. గాలి మావైపునుంచి వీచినప్పుడు కిటికీలు మాత్రం మూసుకునేవారు.

ఆ ఉగాదికి అందరం కలిసినప్పుడు మాటల్లో గోంగూర ప్రస్తావన వచ్చింది. ఒకావిడ కళ్ళొత్తుకుంది కూడా. నేనూరుకోలేక, “సెప్టెంబర్‌లో లేబర్ డే పిక్నిక్‌కి అందరికీ గోంగూర పచ్చడి నేను తెస్తా” అనేశాను. మా అమ్మ విత్తనాలు పంపుతుందన్న ధీమా. పంపింది కూడా. కానీ కవరు ఎక్కడ చిరిగిందో, ఉత్తరం చేరింది, విత్తనాలు చేరలేదు. మాట పోతుందని నేను దిగాలుపడి కూర్చుంటే మావారికి ఓ ఆలోచన వచ్చింది. వాళ్ళ ల్యాబ్‌లో పొడుగు జుట్టు వెనక్కి ముడేసుకునే ఒక మీసాలాయనుండేవాడు. తోటపని బాగా తెలుసని అతనికి పేరు. అతన్ని అడిగి, రెండో రోజు చిన్న పొట్లంతో ఇంటికొచ్చారు.

“ఏమని అడిగారు?” అన్నాను.

“ఉన్నదే చెప్పాను. ఆకు వేళ్ళు చాపిన చెయ్యిలా ఉంటుంది, అంచు రంపంలా ఉంటుంది, కాడనుంచి నార వస్తుంది, మనిషెత్తు పెరుగుతుంది, మావాళ్ళు అది లేకపోతే బతకలేరు, నా భార్య పిచ్చెక్కిపోతోంది అన్నాను. సగంలోనే అర్థమైపోయింది వాడికి. నా భుజం తట్టి, నువ్వూ మావాడివేనన్నమాట అన్నాడు.”

“మంచివాడే.”

“ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నాడు. షెడ్డు వెనకాల, పక్కవాళ్ళకి కనబడకుండా వెయ్యమన్నాడు.”

“ఎందుకట?”

మావారు కాస్త ఆలోచించి, “జింకలు తినేస్తాయని అయ్యుంటుంది” అన్నారు. నాకూ సబబుగానే తోచింది.

తొమ్మిది మొక్కలు నిలిచాయి. నేను మట్టికి పెట్టిన తిండంతా అవి తిన్నాయి. రోజుకో జానెడు పెరుగుతున్నాయా అనిపించేది. ఆకు చీలికలు మన గోంగూరకంటే ఎక్కువే, వాసనా తేడాగానే ఉంది. కానీ ఈ దేశంలో వంకాయ చూస్తే గుమ్మడికాయంత ఉంటుంది, ఉల్లిపాయ కోస్తే కంట నీరు రాదు. గోంగూర మాత్రం మనూళ్ళోలా ఎందుకుంటుందని సర్దిచెప్పుకున్నాను. (పది రకాల మిరపకాయల్ని వాసన చూసి చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని. ఆ గొప్ప మీకిక్కడే అప్పజెప్పేస్తున్నాను.) జులైలో ఓ ఆకు తుంచి నమిలాను. పులుపు లేదు. జిగట, చేదు, పైగా వార్నిష్ పూసిన తలుపు వాసన. ఉమ్మేశాను. లోపం మొక్కది కాదు, మట్టిదే అనుకున్నాను.

ఇక చూడండి మా తంటాలు. మజ్జిగ రెట్టింపు చేశాను. నిమ్మతొక్కలు పాతిపెట్టాను. మావారు ఆఫీసునుంచి లిట్మస్ కాగితాలు తెచ్చి, మట్టి నీళ్ళలో ముంచి, ఎర్రబడ్డాయని సంబరపడి, “మట్టిలో ఆమ్లం పెరిగింది. రెండు వారాల్లో ఆకులోకి ఎక్కాలి” అని తేల్చారు. రెండు వారాలకోసారి నేను నమలడం, ఉమ్మడం. పులుపెక్కేదాకా వండేది లేదని పట్టుబట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే ఆ పట్టుదలకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆగస్టులో మామగారు వచ్చారు. అత్తగారు పోయాక ఒక్కరే ఉంటున్నారని మేమే టికెట్ పంపాం. ఆయన ఎక్సైజు శాఖలో ముప్పై ఏళ్ళు చేసి సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. సర్వీసులో సగం విశాఖ ఏజెన్సీ కొండల్లోనే గడిచింది. మాట పొదుపు. కాఫీ ఇస్తే “ఊఁ”, అన్నం పెడితే “చాలు”. పెళ్ళై మూడేళ్ళయినా, నేను చేసిన ఏ పనినైనా ఆయన బాగుందనగా వినలేదు. అదే వారం గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది, పది రోజుల్లో రమ్మని. ఇల్లంతా సంతోషంగా ఉంది. ఆ హుషారులోనే శనివారం పొద్దున్న కాఫీ అయ్యాక, “రండి మామయ్యగారూ, నా తోట చూద్దురుగాని” అని పెరట్లోకి తీసుకెళ్ళాను. టమాటాలు, బెండలు చూసి “ఊఁ” అన్నారు. ఇక్కడైనా మెచ్చుకుంటారని షెడ్డు వెనక్కి తిప్పాను.

ఆయన ఆగిపోయారు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇదేంటమ్మా?”

“గోంగూరండి. అమెరికన్ రకం. ఇంకా పులుపెక్కలేదు.”

“ఎక్కదు” అన్నారు.

“మజ్జిగ కూడా పోస్తున్నానండి.”

“ఎక్కేది పులుపు కాదమ్మా. ఇది గంజాయి.”

నేను షెడ్డు గోడ పట్టుకున్నాను. ఆయన గొంతు తగ్గించి అడిగిన మొదటి మాట, “వండావా?”

“లేదండీ. పులుపు లేదని ఆగాను.”

ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు. “బతికించావు” అన్నారు. తర్వాత, అలవాటైన మనిషిలా, చుట్టూ తిరిగి మొక్కలు లెక్కబెట్టారు. ఒక కాడ వంచి చూశారు. వంగి గుప్పెడు మట్టి తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. “ఏం వేశావు దీనికి?” అని అడిగారు. ఏడుపు గొంతుతో లద్దెనుంచి చేపల కషాయం దాకా అప్పజెప్పాను. అంతా విని తల ఊపి, “ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత ఏపుగా పెరిగిన మొక్క నేను చూడలేదమ్మాయ్” అన్నారు. మూడేళ్ళుగా ఎదురుచూసిన మెప్పు అది. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

మావారిని లేపుకొచ్చాం. విషయం విని లుంగీతో అలాగే గడ్డిలో కూర్చుండిపోయారు. “మావాడివేనన్నాడు నాన్నా. నేను తోటమాలుల సంగతనుకున్నా” అన్నారు నీరసంగా. అంతలో కంచె అవతల నీళ్ళ చప్పుడు. డెప్యూటీగారు కారు కడుక్కుంటున్నారు. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పది రోజుల్లో ఇంటర్వ్యూ.

“తగలబెట్టేద్దాం” అన్నారు మావారు.

“కాలిస్తే వీధి వీధంతా తూగుతుంది” అన్నారు మామగారు. “చెత్తబుట్టలో వేస్తే దొరికిపోతాం. గొయ్యి తవ్వు.”

తవ్వాం. నేను మొక్కలు పీకి కత్తిపీటతో ముక్కలు చేశాను. మూడు నెలలు బిడ్డల్లా సాకిన వాటిని అలా తరుగుతుంటే, నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది. ఒక వరస తరుగు, ఒక వరస లద్దె, పైన మట్టి. ఆఖరున ఏం చేద్దామని చూస్తే కషాయం బకెట్ కనబడింది. మొత్తం కుమ్మరించాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో, పక్క గేటు తోసుకుని డెప్యూటీగారే వచ్చేశారు, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

“ఇవాళ మరీ ఎక్కువగా ఉంది మేడమ్” అన్నారు.

అప్పుడే నా చెప్పు పక్కన వేళ్ళు చాపుకుని పడున్న ఒక ఆకు కనబడింది. మెల్లగా దానిమీద కాలు వేశాను. మావారు పార పట్టుకుని బొమ్మలా నిలబడ్డారు. మామగారు మాత్రం తాపీగా చేయి చాపి, తన ఇంగ్లీషులో, “నేను వీడి తండ్రిని. నేనూ మీ శాఖవాడినే. ముప్పై ఏళ్ళు ఎన్‌ఫోర్స్‌మెంట్” అన్నారు. అంతే, డెప్యూటీగారు రుమాలు జేబులో పెట్టేసుకున్నారు. ఏం పట్టుకునేవారు అని అడిగారు. నాటుసారా, గంజాయి అని ఈయన చెప్పారు. ఆ గోతి పక్కనే నిలబడి పావుగంటసేపు కొండల్లో దాడుల కథలు. నేను ఆ కాలు కదపలేదు, తిమ్మిరెక్కి మొద్దుబారినా సరే.

“ఇక్కడా కొంపల వెనకాల పెంచుతున్నారు” అన్నారు డెప్యూటీగారు. “ఈ వేసవిలో రెండు మూడుసార్లు నాకు అనుమానం వచ్చింది, ఈ చుట్టుపక్కల ఎక్కడో ఉందని. కానీ మేడమ్‌గారి చేపల ముందు ఏ వాసనా ఆనదు.”

మావారి పార కింద పడింది.

“ఇప్పుడైనా చూస్తే గుర్తుపడతారా?” అని డెప్యూటీగారు మామగారిని అడిగారు.

“ఇట్టే” అన్నారు మామగారు. “కానీ రిటైరయ్యాను గదా. చూసినా పట్టుకోను.”

డెప్యూటీగారు పెద్దగా నవ్వి, ఈ గొయ్యి మీద ఇంకాస్త మట్టి కప్పండి అని చెప్పి, మామగారితో మళ్ళీ చేయి కలిపి వెళ్ళిపోయారు. గేటు పడిన చప్పుడు వినిపించాక ముగ్గురం వెనక మెట్ల మీద కూలబడ్డాం. ముందు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు గానీ, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. మామగారు నవ్వగా నేను చూడటం అదే మొదలు. లోపలికెళ్ళి మళ్ళీ కాఫీ కలిపి తెస్తే, ఒక గుక్క తాగి, “బాగుందమ్మాయ్” అన్నారు.

సోమవారం ల్యాబ్‌లో మీసాలాయన, “ఎలా ఉంది సరుకు?” అని గుసగుసగా అడిగాడట. మావారు, “పుల్లగా లేదు” అన్నారట. “పుల్లగా ఎందుకుంటుంది?” అని అతను. “పులుపు కోసమే కదయ్యా మేం తినేది” అని ఈయన. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకుని ఎవరి బెంచీకి వాళ్ళు వెళ్ళిపోయారట. పిక్నిక్‌కి నేను పచ్చిటమాటా పచ్చడి తీసుకెళ్ళి, గోంగూర విత్తనాలు మొలవలేదని చెప్పాను. ఒకావిడ నన్నోదార్చింది కూడా, మట్టి మంచిది కాకపోతే ఎవరేం చేస్తారమ్మా అని. ఆ మాట ఒక్కటీ మింగడం కష్టమైంది. ఇంటర్వ్యూలో ఆఫీసర్ నన్ను, ఇంట్లో ఏం చేస్తుంటారని అడిగాడు. నోటిదాకా వచ్చిన తోటపనిని వెనక్కి మింగి, కుట్టుపని అన్నాను. కార్డులు వచ్చాయి.

మామగారు ఇండియా వెళ్ళాక చుట్టాలందరితో, మా కోడలు రాయిమీద కూడా పంట పండిస్తుందని చెప్పేవారట. ఏ పంట అని ఎవరడిగినా చెప్పలేదట. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

పోయినేడాది శాన్ రామన్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, ఏదో పనిమీద పక్క ఊరెళుతూ దారిలో సిగ్నల్ పడి ఒక షాపు ముందు కారాపింది. అద్దాల తలుపులు, పూలకుండీలు, చూస్తే నగల కొట్టులా ఉంది. కిటికీలో నిలువెత్తు ఫొటో: అదే మొక్క, కింద ‘సహజ ఎరువులతో పెంచినది’ అని గర్వంగా రాసుంది. ఇప్పుడిక్కడ ఇది లీగలే అమ్మా, షాక్ అవకు అని నవ్వింది మా అమ్మాయి, నాకేం తెలియదనుకుని. నేను కళ్ళజోడు సర్దుకుని ఆ ఫొటో వంక చూశాను. ఆకు పాలిపోయి ఉంది, కణుపులు దూరం దూరంగా ఉన్నాయి. తిండి చాలలేదు దానికి. ఆ మాట అర్థం చేసుకోగలిగిన మనిషి ఇప్పుడు లేరు.

“ఏం చూస్తున్నావ్ అమ్మా అంతసేపు?” అంది మా అమ్మాయి.

“ఏం లేదు, పోనీ” అని, ఇరవై నాలుగేళ్ళ ఆ తెలివితక్కువ పిల్లని తలుచుకుని, సీట్‌బెల్ట్ సర్దుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను. తెలివి సంగతెలా ఉన్నా, దాని చేతిలో మట్టి మాత్రం మాట వినేది.