మూడు ట్రక్కుల కిటికీలు

అక్షరాల్లో తప్పులుంటే ఏమనుకోకండి, నేను ఏడో తరగతితోనే బడి మానేశాను.

ఈ రోజు కొత్త ఇంటి కిటికీలకు రేట్లు అడిగి ఆర్డరిద్దామని మోతె నుంచి మేమిద్దరం కోదాడ వెళ్లాం. పాపను దోమలు పీక్కుతింటున్నాయి, జాలీ ఉన్నవే తీసుకుందామని బండి మీద దారంతా మా ఆయనకు చెబుతూనే ఉన్నాను.

షాపాయన పక్కకు జరిపే కిటికీలు చూపించి, "రెండు ట్రాకులా, మూడు ట్రాకులా అమ్మా?" అన్నాడు. నాకు ట్రక్కులని వినబడింది.

"మూడు ట్రక్కులెందుకన్నా? ఉన్నయే నాలుగు కిటికీలాయె, ఒక్క ఆటోల వస్తయి!"

షాపంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నేను తల వంచుకుని, "రెండే చాలు" అన్నాను. ఇక జాలీ మాట ఎత్తడానికి నోరు రాలేదు.

సాయంత్రం ఈ సంగతి చెబితే మా మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "ట్రాకంటే కిటికీ జరిగే గాడి బిడ్డా. రెండిట్ల అద్దాలే జరుగుతయి. జాలీకి మూడోది ఉండాలె గదా!"

ఆయన వెళ్లాక మా ఆయనను నిలదీశాను. "మీకు ఎరుకే గదా? మరి గాడ చెప్పకపోతిరేంది?"

"నాకేం ఎరుక? అందరు నవ్విండ్రని నేను గూడ నవ్విన."

రేపు మళ్లీ అదే షాపుకు పోయి మూడని చెప్పాలి. తలుచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోతున్నాను. మా ఆయనేమో నన్నే ముందు నడవమంటున్నాడు. మీరైతే ఎవరిని ముందు పంపుతారు? చెప్పండి. చెప్పాక ఇది చదివిన సంగతే మరిచిపోండి, మా అత్తమ్మకు మాత్రం చూపించకండి.