మూత తీసిన చెయ్యి

మా ఊరి కార్ల మేస్త్రి యాకోబు గారు ఇక లేరన్న వార్త నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. ద్రవాల మరుగుస్థానం గురించి బోర్డు మీద రాస్తున్నాను. ఫోనులో మా తమ్ముడు శ్రీను: "అన్నయ్యా, మేస్త్రిగారు పోయేరు. పొద్దున్న కాఫీ తాగి షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నారంట. అంతే, మళ్ళీ లేవలేదంట." సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ పాఠం ఆ రోజు పూర్తి చెయ్యలేకపోయాను.

సాయంత్రం ఆయన పార్థివదేహం దగ్గర అమలాపురం బళ్ళవాళ్ళందరూ ఉన్నారు. వారిలో ఒక పెద్దమనిషి, అభిమానంతోనే, "అంతటి మేస్త్రి కూడా ఒకసారి వేడి బండి రేడియేటర్ మూత తీసి చెయ్యి కాల్చుకున్నారు, ఏం చేస్తామండీ" అన్నాడు. నలుగురూ తలలూపారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ మాట అబద్ధం. ఆ రోజు ఆ మూత దగ్గర ఉన్న ఇద్దరిలో ఒకరు పెట్టెలో పడుకుని ఉన్నారు. రెండోవాణ్ణి నేను. ఆ మహనీయుడి పేరు మీద నా మూలంగా పడిన మచ్చను నేనే తుడవాలి. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను.

యాకోబు గారు యౌవనమంతా మస్కట్‌లో, పందెం కార్లు బాగుచేసే గ్యారేజీలో గడిపారు. తిరిగివచ్చి ఆసుపత్రి రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్నారు. మితభాషి, నిగర్వి. ఒక్క విషయంలో మాత్రం మొండిఘటం. షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో బారెడు అక్షరాలు రాయించారు: "వేడి బండి మూత తీసేవారు ఈ షెడ్డుకు రావద్దు." రేడియేటర్‌లో నీరు ఒత్తిడి కింద ఉంటుంది, మూత కదిపితే ఒక్కసారిగా మరిగి మొహాన కొడుతుంది. ఇదే సంగతిని నేను క్లాసులో సూత్రాలతో సహా చెబుతాను. ఆయన గోడ మీద ఒక్క ముక్కలో చెప్పారు.

మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. అవి రేడియేటర్ లోపలి గొట్టాలను తినేస్తాయి. అందుకని మేస్త్రిగారు షెడ్డు రేకుల మీద పడే వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి, గుడ్డ కట్టి, ఏడాది పొడవునా దాచేవారు. ఎవరైనా డబ్బాతో నీళ్ళు తెస్తే వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవారు. "ఇది బోరుదండీ. మీరు తాగండి, బండికొద్దు" అనేవారు. నవ్వకుండా అనేవారు కాబట్టి ఎవరూ వాదించేవారు కాదు. వాదించింది నేనొక్కణ్ణే, అదీ వాదించి ఓడిపోవడానికే.

మా శ్రీను గల్ఫు డబ్బుతో, వద్దంటే వినకుండా, ఎక్కువ శక్తినిచ్చే టర్బో ఇంజను ఉన్న ఎర్ర కారొకటి పాతది కొన్నాడు. అది అంబాజీపేట దాటేలోగా సలసలా కాగిపోయేది. ముగ్గురు మెకానిక్కులు మూడు రకాలుగా చెప్పారు. యాకోబు గారు ముందు భాగం విప్పి, రేడియేటర్ రెక్కల సందుల్లోంచి దోసెడు కొబ్బరి పొట్టు బయటకు తీశారు. కొబ్బరి పీచు తీసే యార్డుల పక్కన బండి నిలిపితే ఫ్యాన్ పీల్చుకున్న పొట్టు అది. దాన్ని కాగితంలో పొట్లం కట్టి మా వాడి చేతిలో పెట్టి, "ఇది సగం రోగమండీ. మిగతా సగం మీరు పోసిన బోరు నీళ్ళు. కొత్త రేడియేటర్ తెచ్చుకోండి. వచ్చేదాకా బండిని కదపొద్దు" అన్నారు. ఆపైన నావైపు తిరిగి, "ఇంజనుకి శక్తి ఎంతుంటే వేడీ అంతే ఉంటదండీ మేష్టారూ. శక్తి అమ్మేవోడు వేడి మాట చెప్పడు" అన్నారు.

శ్రీను ఆ రేడియేటర్ కోసం విశాఖ వెళ్ళిన రోజునే మా అక్కకు గుండెల్లో నొప్పి వచ్చింది. వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం. ఇక్కడి డాక్టరుగారు చూసి, ఆలస్యం చెయ్యకుండా కాకినాడ తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సు అప్పుడే మరో రోగితో రాజమండ్రి దారి పట్టింది. ఎదురుగా షెడ్డులో కనిపించింది ఆ ఎర్ర కారే. మేస్త్రిగారు నా మొహం చూశారు. బోనెట్ మొత్తం ఊడదీసి పక్కన పెట్టి, ఫ్యాన్ ఆగకుండా తిరిగేలా తీగ కలిపి, వాన నీళ్ళ డబ్బాలు రెండు లోపల పడేసి, "ఎక్కించండి" అన్నారు.

కారు కదలగానే ఏసీ ఆపి, హీటరు నిండుగా తిప్పారు. వెనక అక్క చెమటలో తడిసి మూలుగుతోంది. నిప్పులాంటి గాలి మా మొహాన కొడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ ఇది? మనిషిని చంపుతారా?" అన్నాను.

"ఆ వేడి ఇంజనుదండీ. ఇలా మన మీదకి లాగకపోతే అది దారిలోనే ఆగిపోద్ది. అద్దాలు దించండి, అక్కగారికి తడిగుడ్డ వెయ్యండి."

"అయితే తొందరగా పోనివ్వండి."

"తొక్కితే కాగిపోద్దండీ. నెమ్మదిస్తే గాలి తగలదు. ఇదే స్పీడండీ. ఆయ్, చేరతాం."

ఆయన కళ్ళు రోడ్డు మీద ఒకసారి, ఇంజను వేడి చూపే ముల్లు మీద ఒకసారి. నా కళ్ళు ముల్లు మీదే.

మురమళ్ళలో స్వామివారి కల్యాణానికి వచ్చిన జనంతో రోడ్డు నిండిపోయింది. కారు ఆగింది. ముల్లు ఎరుపులోకి పోయింది. ఇంజను ఆపకుండానే మేస్త్రిగారు దిగి, దారి ఇమ్మని జనాన్ని బతిమాలుతూ ముందుకు వెళ్ళారు. వెనక అక్క, "తమ్ముడూ, ఊపిరాడట్లేదురా" అంది. ఆవిరి సన్నగా లేస్తోంది. నీళ్ళు పోస్తే చల్లబడుతుందనిపించింది. ఇన్నేళ్ళుగా చెబుతున్న పాఠం ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు. కండువా చేతికి చుట్టుకుని, బోనెట్ లేని ఆ కారు మీదకు వంగి, మూత తిప్పాను.

"మేష్టారూ" అన్న కేక, ఆయన చెయ్యి ఒకేసారి వచ్చాయి. నా మొహానికి అడ్డంగా ఆయన ముంజేయి. మరిగిన నీరు ఆ చేతిని కొట్టింది. ఆయన రెండు క్షణాలు కళ్ళు మూసుకున్నారు. అంతే. పొంగు తగ్గేదాకా ఆగి, తడి తువ్వాలు చుట్టుకుని, ఇంజను ఆడుతుండగానే ఎండకు వెచ్చబడిన వాన నీటిని సన్నటి ధారగా పోశారు. "ఒక్కసారే పోస్తే ఇంజను హెడ్డు పగిలిపోద్దండీ" అన్నారు, నాకు పాఠం చెబుతున్నట్టు. దారి దొరికింది. ఎదుర్లంక వంతెన, యానాం, కాకినాడ, అంతా ఒంటిచేత్తో నడిపారు. అక్క బతికింది. ఈ రోజుకీ బతికే ఉంది.

ఊళ్ళో అడిగితే, "నేనే తీసేనండీ, కంగారులో" అన్నారు. నేను నిజం చెబుతానంటే, "పిల్లలకి పాఠం చెప్పే మనిషి మీరు. మీ మాట మీద వాళ్ళకి గురి ఉండాలండీ. వదిలేయండి" అన్నారు. నేను వదిలేశాను. అంతకంటే సిగ్గుమాలిన పని నేను చెయ్యలేదు. ఎవరో ఆకతాయి గోడ మీది ఆ అక్షరాల కింద బొగ్గుతో "మేస్త్రికి మినహాయింపు" అని రాశాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అది చదివి నవ్వుకునేవారు. ఆయన దాన్ని చెరపలేదు.

నిన్న తడిగుడ్డ తీసుకుని వెళ్ళి ఆ బొగ్గు రాతను నా చేత్తో తుడిచాను. వారి సతీమణి రూతమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"తెలుసండీ మేష్టారూ. కట్టు కట్టింది నేనే కదండీ. మూత తీసినోరికి అరచెయ్యి కాలాలి, వేళ్ళు కాలాలి. ఆయనకి అరచెయ్యి తెల్లగా ఉందండీ. కాలిందంతా ముంజేతి బయటివైపే."

"మరి ఇన్నాళ్ళూ నన్ను అడగలేదేమమ్మా?"

"ఆయన ఉండగా మీరే వచ్చి చెప్తారేమోనని చూసేనండీ."

బొగ్గంటిన గుడ్డ కింద పెట్టి, షెడ్డు పక్కనున్న డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. డ్రమ్ములో ఆయన పట్టిన కిందటేడాది వాన నీళ్ళు ఇంకా సగానికి ఉన్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఆయన నాలుకకు తెలిసే తేడా నాకు తెలియలేదు. ఆ నాలుక, ఆ చెయ్యి, ఆ మనసు కోనసీమకు ఇక దొరకవు. మేస్త్రిగారూ, ఆ మూత తీసింది నేను. మీరు ఎన్నడూ తీయలేదు.