బాబాయిని సముద్రం మీదకు తీసుకెళ్ళిన నా ప్లానింగు

పాతికేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఏదీ ఉండదు. ఆ వయసులో నేను దోహాలో ఒక కంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ అసిస్టెంటుని. రాస్ లఫాన్‌లో గ్యాసు ప్లాంటు ఆపి మరమ్మతులు చేసేటప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత, దేనికెంత సమయం అన్నది కంప్యూటర్లో రంగురంగుల గీతలుగా గీసి గోడకు అంటించడం నా ఉద్యోగం. (ఆ గీతల ప్రకారం పని జరిగిన దాఖలా నాకు గుర్తున్నంతవరకూ లేదు. గీతలు మాత్రం ముచ్చటగా ఉండేవి.) ఆ మత్తులో పడి, నజ్మా పేటలో మేమందరం కలిసి ఉండే గదిలో స్నానాల వరసకు కూడా ఒక చార్టు వేసి తలుపుకి అంటించాను. మర్నాటికల్లా దాన్ని ఎవరో పీకి ఆవకాయ సీసా కింద పరుచుకున్నారు.

ఆ గదిలో అందరికంటే పెద్దవాడు బాబాయి. నాకు చుట్టమేమీ కాదు. ఇద్దరిదీ గోదావరి జిల్లా, అక్కడ సెలవు రోజైన శుక్రవారాలు ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం, అంతే. పైప్ ఫిట్టరు పని. మితభాషి. ఆయనకు ఒక తమ్ముడుండేవాడట. ఇక్కడే అల్ ఖోర్‌లో చేపల పడవ మీద పనిచేసేవాడు. ఒక చలికాలం ఉత్తరపు గాలి లేచిన రోజున పడవ మీంచి పడిపోయాడు. ఎన్నాళ్ళు వెతికినా మనిషి దొరకలేదు. ఇది జరిగింది నేను ఖతర్ రాకముందు. మా వైపు క్రైస్తవులకు సమాధుల పండగ అంటే తెలుసు కదా. ఆ రోజు అందరూ తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఊళ్ళో ఆ తమ్ముడి భార్య, అంటే బాబాయి మరదలు కూడా ఏటా కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళేది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గేటు పక్కన వెలిగించి వచ్చేసేది. వచ్చాక బాబాయికి ఫోన్ చేసి, "బావగారూ, అక్కడ మీరు పెట్టారా?" అని అడిగేది. ఈయన "పెట్టానమ్మా" అనేవాడు. ఏ ఏడూ పెట్టలేదు. సముద్రంలో ఎక్కడ పెడతాడు?

ఆ ఏడాది బాబాయికి ఊపిరితిత్తులు చెడ్డాయి. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి టికెట్టు చేతిలో పెట్టింది. ఇక తిరిగి వచ్చేది లేదు. పండగ దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం ఆయన నా మంచం దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు ప్లానింగు చేస్తావంట కదా. నన్నోసారి వాడు పడ్డ చోటికి తీసుకెళ్ళగలవేంట్రా? ఓ కొవ్వొత్తి పెట్టేసి వచ్చేద్దాం. ఎల్లి ఆ పిల్ల మొహం చూడాలి కదరా నేను."

ఇంకెవరైనా అయితే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నేను కాగితం తీసుకున్నాను.

పడవ సంగతి, మేమందరం భాయి అని పిలిచే స్నేహితుడు చూసుకున్నాడు. భాయిది నిజామాబాద్ దగ్గర ఊరు. అల్ ఘర్రాఫాలో ఒక ఖతరీ పెద్దాయన విల్లాలో డ్రైవరు. ఆ పెద్దాయనకు సరదాకి చేపలు పట్టుకునే చిన్న బోటు ఉంది, దాన్ని నడిపేది కూడా భాయే. సంగతి వినగానే ఆ పెద్దాయన చెయ్యి గుండె మీద పెట్టుకుని చనిపోయిన మనిషి కోసం ఒక మాట అనుకుని, "తీసుకెళ్ళండి, కానీ ఆ ఇసుక మేటల మధ్య నీళ్ళు ఎప్పుడుంటాయో, ఎప్పుడుండవో హార్బర్లో అడిగి వెళ్ళండి" అని చెప్పి పంపాడట. భాయి నాతో ఆ మాట చెప్పాడు. నేను నవ్వాను. గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టినవాడికి పోటు గురించి ఒకరు చెప్పాలా? మా ఊళ్ళో తిథి చెబితే చాలు, నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో, ఎప్పుడు దిగుతాయో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కింద టిఫిన్ హోటల్లో తెలుగు క్యాలెండర్ ఉంది. (చర్చి వాళ్ళం తిథులు చూడకూడదని మా అమ్మ అంటుంది గానీ, చేపలకు ఆ పట్టింపు లేదు.) శుక్రవారానికి తిథి చూశాను, మా ఊరి లెక్క కట్టాను. అంతటితో ఆగితే నేను నేనెలా అవుతాను? ఇండియాకీ ఖతర్‌కీ రెండున్నర గంటల తేడా ఉంది కదా అని ఆ రెండున్నర గంటలు కూడా జాగ్రత్తగా తీసేశాను. సముద్రం కూడా గడియారం చూసుకుని నడుస్తుందని నా నమ్మకం.

ఇక ప్లాను చూడాలి. బయలుదేరడం, మడ చెట్ల పక్కగా కాలువలోంచి బయటపడటం, ప్రార్థన, వెనక్కి రావడం, అన్నీ రంగు గీతలే. లైఫ్ జాకెట్లు, తాగే నీళ్ళు, ఫోన్లకు ప్లాస్టిక్ సంచులు. దాన్ని ఆఫీసులో లామినేషన్ చేయించాను, తడవకుండా. ప్రమాదాల పట్టికలో ఒక చోట ఎర్ర అక్షరాలతో రాశాను, బోటులో పెట్రోలు ఉన్నందున నిప్పు వెలిగించరాదు అని. కొవ్వొత్తిని వెలిగించకుండానే పూలతోపాటు నీళ్ళలో వదలాలి. బాబాయి ఆ కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"వెలిగించని కొవ్వొత్తి ఎందుకురా?"

"సేఫ్టీ, బాబాయ్."

ఆయన తలూపి కాగితం తిరిగిచ్చేశాడు. ఇంత చదువుకున్న కుర్రాడు రాశాడంటే నిజమే అయ్యుంటుందనుకున్నాడు. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

శుక్రవారం అల్ ఖోర్ హార్బర్లో పేర్లు రాయించుకుని బయలుదేరాం. బాబాయి ఇస్త్రీ చొక్కా మీద లైఫ్ జాకెట్ వేసుకుని, బంతిపూల సంచీ ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కాలువ దాటాం. దూరంగా నీళ్ళలో గుర్తుకోసం పాతిన స్తంభం కనిపించింది. దానికవతలే తమ్ముడు పడిపోయాడని అప్పటి పడవవాళ్ళు చెప్పారట. "నా లెక్క ప్రకారం ఇప్పుడు నీళ్ళు ఇంకా ఎక్కుతుంటాయి" అని నేను ప్రకటించాను. అప్పుడే బోటు కింద బరబరమని చప్పుడైంది. భాయి ఇంజను ఆపేశాడు.

"ఇంజినీర్ సాబ్, నీళ్ళు ఎక్కుతున్నయంటివి గదా? గుంజుకపోతున్నయ్ చూడు!"

నిజమే. చూస్తుండగానే చుట్టూ నీళ్ళు జారిపోయి, ఇసుక వీపులు పైకి తేలాయి. మేం ముగ్గురం దిగి నెట్టాం. బోటు కదల్లేదు, పక్కకి ఒరిగి పడుకుంది. భాయి కోస్ట్ గార్డుకి ఫోన్ చేస్తే, ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా అని అడిగి, నీళ్ళు తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండండి, ఎటూ నడవొద్దు అన్నారు. స్తంభం ఎదురుగానే కనబడుతోంది. మధ్యలో లోతు నీళ్ళు. వెళ్ళలేం. సాయంత్రానికి పెద్దాయనకు బోటు అప్పజెప్పాలి, ఆ మర్నాడే బాబాయి విమానం. నాకు ఏడుపొచ్చింది. "సారీ బాబాయ్" అన్నాను.

బాబాయి నా వైపు చూడలేదు. బోటులోంచి నీళ్ళు తోడే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, కాస్త దూరం నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని తడి ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. దగ్గుకుంటూ, ఆగుతూ, మళ్ళీ తవ్వుతూ. ఏం చేస్తున్నాడో మాకు మొదట అర్థం కాలేదు. ఆ ఇసుక పొడుగ్గా, ఒక మనిషంత పొడుగ్గా పేరుకున్నాక అర్థమైంది. భాయి చెప్పులు విడిచి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మా తాన గూడ అందరం మన్ను వేస్తం చాచా" అని, దోసిళ్ళతో ఇసుక వేశాడు. నేనూ వేశాను.

బాబాయి అంచులు అరచేత్తో నున్నగా సాపు చేశాడు, పైపు కొలతలు చూసుకునే మనిషి కదా, మూలలు వంకరపోనివ్వలేదు. కొట్టుకొచ్చిన పుల్లలు రెండు ఏరి సిలువ కట్టాడు. పూలు పరిచాడు. బోటు బాగా దూరంగా ఉంది, పెట్రోలు సంగతి నేను ఎత్తలేదు. అగ్గిపుల్ల వెలిగితే గాలి ఆర్పేస్తోంది. అప్పుడు నేను వెళ్ళి నా లామినేషన్ ప్లాను తెచ్చి, గాలికి అడ్డంగా పట్టుకుని కూర్చున్నాను. కొవ్వొత్తి నిలిచింది. నా ఉద్యోగ జీవితంలో నేను వేసిన ప్లాను ఒకటి మనిషికి పనికిరావడం అదే మొదటిసారి.

బాబాయి మరదలికి ఫోన్ చేశాడు.

"అమ్మా, పెట్టాను. ఎలుగుతుంది."

ఫోన్ స్పీకర్లో ఉంది. అవతల నుంచి, "గాలికి ఆరిపోలేదా బావగారూ?" అని వినిపించింది.

"లేదమ్మా. మా అబ్బాయి అడ్డం కూర్చున్నాడు."

ఆ మాటకి నేను తల పక్కకి తిప్పుకున్నాను. భాయి కూడా కళ్ళు తుడుచుకుని, ఎండ అన్నాడు.

చివరికి నీళ్ళు తిరిగొచ్చాయి. నా లెక్కతో వాటికి ఏ సంబంధమూ లేదు. బోటు మెల్లగా లేచి నిలబడింది. "యల్లా, పోదాం పదుండ్రి, మళ్ళ ఇరుక్కుంటం" అని భాయి తొందరపెట్టాడు. నేనూ బాబాయి చెయ్యి పట్టుకున్నాను. ఆయన కదల్లేదు. పాదాల మీదకి నీళ్ళొచ్చాయి. కొవ్వొత్తి చుయ్‌మని ఆరింది. సమాధి ఒక మూల జారింది, పూలు ఒక్కొక్కటే లేచి తేలడం మొదలుపెట్టాయి.

"ఉండండ్రా. వాడెల్లాక ఎల్దాం."

ముగ్గురం మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాం.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ప్లానింగులో నన్నిప్పుడు సీనియర్ అంటున్నారు, అదీ ఒక వింతే. ఏ పనికి ఎంతసేపు పడుతుందని కుర్రాళ్ళు అడిగితే కళ్ళు మూసుకుని చెప్పేస్తాను. కానీ ఆ ఇసుక కరిగి ఆ చోటు మళ్ళీ మామూలు సముద్రమైపోవడానికి ఎంతసేపు పట్టిందని ఎవరైనా అడిగితే చెప్పలేను. ప్రతిదానికీ గడియారం చూసుకునే ఆ పాతికేళ్ళ తెలివైనవాడు ఆ ఒక్కసారి చూడటం మర్చిపోయాడు. వాణ్ణి నేను క్షమించింది కూడా అందుకే.