టైలరమ్మ బ్లౌజు

నల్లగండ్లలో అపార్టుమెంట్ల మధ్య సందులో నాదొక బ్లౌజుల కొట్టు. ఒక మెషిను, ఒక కటింగు బల్ల, ఒక నిలువుటద్దం, నేను. అంతే సిబ్బంది. మా అమ్మాయికి ఎంగేజ్‌మెంట్ ఖాయమైనప్పుడు నేను మనసులో ఒకటే కోరుకున్నాను. ఆ రోజు కట్టుకునే పట్టుచీర మీదికి కొత్త బ్లౌజు ఉండాలి, అది నా చేత్తో కుట్టింది అయి ఉండాలి. నవ్వకండి. ఊరందరికీ కుట్టే నా ఒంటి మీద కొత్త బ్లౌజు పడి ఏళ్లయింది. ఏ పెళ్లికి వెళ్లినా చీర కొత్తది, బ్లౌజు పాతది. రంగు కాస్త దగ్గరగా ఉంటే చాలు, పైట కప్పేస్తే ఎవరు చూడొచ్చారు అనుకునేదాన్ని.

మా అమ్మాయి చూసింది.

"అమ్మా, మా అత్తగారోళ్లకు నువ్వు టైలర్ అని చెప్పిన. గీ బ్లౌజ్ ఏసుకొని వస్తే ఎవరన్న నమ్ముతరా? నా ఇజ్జత్ పోతది."

"ఈసారి కుట్టుకుంటనే. ఒట్టు."

"కస్టమర్లకు చెప్పినట్టే చెప్తున్నవ్ చూడు."

నోరు చూశారా దానిది! అంతా నా పోలికే.

అసలు మా వృత్తిలో తారీఖులు ఎలా నడుస్తాయో ముందు చెప్పాలి. నేను మంగళవారం ఇస్తానంటే గురువారం ఇస్తానని అర్థం. ఈ సంగతి కస్టమర్లకు తెలుసు. అందుకే ఆదివారం ఫంక్షనుంటే శుక్రవారమే అని చెప్తారు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లు ముందుకు జరిపినదాన్ని నేను వెనక్కి జరుపుతాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారే, అదే. ఇన్నేళ్లలో నా వల్ల ఏ ఫంక్షనూ ఆగలేదు.

ఈ బండిని నేనే పట్టాలు తప్పించాను. నా కస్టమర్లలో గచ్చిబౌలిలో ఏదో ఆఫీసులో టీమ్ లీడుగా చేసే మేడమ్ ఒకరున్నారు. కోస్తా వైపు వాళ్లు, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. నా బ్లౌజు గోడు విని జాలిపడ్డారు.

"మీకు టైమ్ మేనేజ్‌మెంట్ లేదండీ. పొద్దున కటింగ్, మధ్యాహ్నం మెషిన్, సాయంత్రం కస్టమర్లు. అలా పెట్టుకోండి. మీ బ్లౌజుకి మీరే కస్టమర్ అనుకోండి. ఇదిగోండి, దానికి బుధవారం మధ్యాహ్నం." అంటూ బ్యాగులోంచి రంగురంగుల జిగురు చీటీలు తీసి నా గోడంతా అతికించారు. "ముఖ్యంగా చెప్పిన తారీఖుకే ఇవ్వండి. అప్పుడు ఎవరూ వచ్చి మిమ్మల్ని సతాయించరండీ."

నాకు భలే నచ్చింది. "చెప్పిన రోజే ఇవ్వబడును" అని బోర్డు కూడా రాయించాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి!

చెప్పిన రోజుకి అన్నీ కుట్టి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించి కూర్చున్నాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఉండబట్టలేక ఒకామెకు ఫోన్ చేశాను.

"అయిపోయిందమ్మా, వచ్చి తీస్కపో."

"ఏందక్కా, మజాక్ చేస్తున్నవా? నువ్వు ఇయ్యాల అన్నవంటే ఎల్లుండే గదా!"

ఆ మేడమ్‌కే చేశాను. "అయ్యో, నిజంగానే అయిపోయిందాండీ?" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

చివరికి అందరూ కట్టగట్టుకుని బుధవారం మధ్యాహ్నమే దిగారు. ఒకామెకు చంక దగ్గర జర టైటు, ఒకామెకు భుజం జారుతోంది, ఇంకొకామె దారిలో హుక్కు ఊడిందని వచ్చింది. అందరిదీ ఒకటే మాట, "రెండు నిమిషాల పనే అక్కా." ఆ రెండు నిమిషాలన్నీ కలిసి నా మధ్యాహ్నాన్ని మింగేశాయి. ఫ్యాను గాలికి గోడ మీది "నా బ్లౌజు" చీటీ ఎప్పుడు ఊడిందో కూడా చూసుకోలేదు. రాత్రి ఒకామె ఫోన్ చేసి, "అక్కా, నీ చీటీ నా చీరకు అతుక్కొని మా ఇంటికొచ్చింది, ఏం జెయ్యాలె?" అంది. నీ దగ్గరే ఉంచుకో తల్లీ అన్నాను.

ఎంగేజ్‌మెంట్ దగ్గరపడింది. పట్టు ముక్క బల్ల మీద పరిచి కత్తెర తీసినప్పుడల్లా గుమ్మంలో ఎవరో ఒకరు. వాళ్లది పక్కన పెడితే అరుస్తారు. నాది పక్కన పెడితే ఎవరు అరుస్తారు? నా బ్లౌజు నన్నేమీ అనదు కదా. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇక లాభం లేదని ఆ ముక్కను, కొలతకని నా ఆది బ్లౌజును సంచిలో పెట్టి, పైట కొంగు చాటున దాచుకుని వెనక సందులోని టైలరు దగ్గరికి వెళ్లాను. మా ఇద్దరికీ మాటల్లేవు. ఆమె కుట్టిన మెడ జారుతుందని నేను, నేను కుట్టిన చేతులు ముడతలు పడతాయని ఆమె, కస్టమర్ల దగ్గర చెప్పుకుంటూ బతుకుతున్నాం.

"ఎవరిదక్కా ఇది?"

"మా చుట్టాలామెది."

ఆది బ్లౌజు విప్పి చూసింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీ చుట్టాలామె అచ్చం నీ లెక్కనే ఉన్నదే! ఎన్నడు కావాలె?"

"శుక్రవారం ఎంగేజ్‌మెంట్."

"అంటే ఆదివారం."

దొరికిపోయాను. "నువ్వెప్పుడిస్తవ్?" అన్నాను.

"గురువారం."

"అంటే శనివారం."

ఇద్దరం ఒక్కసారే పక్కున నవ్వాం. నవ్వి నవ్వి ఆమె కళ్లు తుడుచుకుని, మెషిను కిందినుంచి ఒక కవరు తీసింది. లోపల పట్టు ముక్క, మడతల దగ్గర రంగు వెలిసింది.

"మా తమ్ముని పెండ్లికని కొన్న. వాని కొడుకు బడికి పోతుండు ఇప్పుడు. అక్కా, నాది నువ్వు కుడ్తవా?"

"ఎన్నడు కావాలె?"

"నాకేం ఫంక్షనున్నది?"

"ఎందుకు లేదు? ఆదివారం మా బిడ్డ ఎంగేజ్‌మెంట్. నువ్వు రావాలె. గురువారం ఇస్తా."

గురువారం సాయంత్రం నేను ఆమె బ్లౌజు పట్టుకుని సందు మలుపు తిరిగేసరికి, నా బ్లౌజు పట్టుకుని ఆమె ఎదురొచ్చింది. ఇద్దరం చెప్పిన రోజే ఇచ్చాం. మా వృత్తిలో ఇది చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆదివారం పుప్పాలగూడ ఫంక్షన్ హాల్లో మా వియ్యపురాలు నా బ్లౌజు చేతి అంచు పట్టుకుని చూసింది. మెడ ఎక్కడా జారలేదు, ఒప్పుకోవాలి. "మీరే కుట్టుకున్నరా వదినె?"

మా అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది.

"కాదు వదినె. నాది ఆమె కుట్టింది. నేను కుట్టింది అగో, ఆమె వేసుకున్నది," అన్నాను. అవతల కుర్చీలో వెనక సందు టైలరు కొత్తపెళ్లికూతురిలా నిటారుగా కూర్చుని ఉంది. ఒక్క ముడత ఉంటే ఒట్టు. నా చేత్తో కుట్టింది నా ఒంటి మీద లేదన్న బాధ నాకు రవ్వంత కూడా కలగలేదు.

వియ్యపురాలు అటూ ఇటూ చూసి ముచ్చటపడింది. "అయితే పెండ్లికి నాది మీరే కుట్టాలె."

అప్పుడే పంతులుగారు మా అందరి ముందూ పెళ్లి ముహూర్తం పెట్టి లేచారు. వచ్చే నెల రెండో ఆదివారం. అందరం విన్నాం.

వియ్యపురాలు నా చెవి దగ్గరికి వంగింది. "శుక్రవారమే పెండ్లి వదినె, మర్చిపోకుండ్రి."

"ఫికర్ చెయ్యకుండ్రి. బుధవారమే ఇస్తా," అన్నాను.